పర్లాకిమిడిలో కట్టిన ఫ్లైలు, తీర్థన్ ట్రౌట్: నా అనుభవం

మా పర్లాకిమిడి చుట్టుపక్కల ట్రౌట్ చేప లేదు, ఉండే వీలూ లేదు. దానికి కొండల్లోంచి పారే చల్లటి నీళ్లు కావాలి. నీటి వేడి ఇరవై డిగ్రీలు దాటితే ఇబ్బంది పడిపోతుంది. మా మహేంద్రతనయ నదిలో ఎండాకాలం పాదం పెడితే నీళ్లు వెచ్చగా తగులుతాయి. అయినా ట్రౌట్‌కి వేసే పాతకాలపు వెట్ ఫ్లైలు, అంటే పురుగులా కనిపించేట్టు ఈక, దారం చుట్టిన గాలాలు, కట్టడం నేను నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. కావలసిన సరుకులో గాలాలు తప్ప దాదాపు అన్నీ గజపతి, గంజాం జిల్లాల్లోనే సంపాదించాను. దీని గురించి తెలుగులో చదువుకోవడానికి నాకేమీ దొరకలేదు. అందుకే ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా బావగారు హిమాచల్‌లో కులూ జిల్లాలో ఒక జలవిద్యుత్ ప్రాజెక్టులో ఇంజనీరు. ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి చూపించారు. లోపల గోరు కంటే చిన్న గాలాలు, వాటి మీద రంగు దారం, ముందువైపు పల్చగా ఈక. ఇవి నీళ్లలో వేస్తే ట్రౌట్ పురుగనుకుని పట్టుకుంటుందట. అక్కడి దుకాణాల్లో ఒక్కొక్కటీ చాలా ఖరీదు, అందులో సగం రెండు చేపలకే విడిపోతాయని ఆయన బాధ.

“ఇది మన కోడి ఈకే కదా బావా?” అన్నాను.

“కోడి ఈకేరా. కట్టడంలోనే ఉంది పనంతా. నువ్వు కట్టి చూడు” అన్నారు.

మా అమ్మ దగ్గర చిన్నప్పటి నుంచి పూసల పని, జరీ పని చూసి పెరిగినవాణ్ని, నా చేతికి సన్నపని కొత్త కాదు. సరే అనుకున్నాను. స్కూలు అయిపోయాక సాయంత్రాలు దీనికే పెట్టాను.

మొదట కొంత చదివాను. గాలానికి ఈక చుట్టి చేపని పట్టడం చాలా పాత విద్య. మాసిడోనియా వాళ్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు బిగించి మచ్చల చేపల్ని పట్టేవారని రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1800 ఏళ్ల కిందటే రాశాడు. తర్వాత ఇంగ్లండులో యార్క్‌షైర్ వాగుల దగ్గర, స్కాట్లండ్, వేల్స్ నదుల దగ్గర ఒక్కో చోట ఒక్కో పద్ధతి పెరిగింది. ఫ్లైలు రెండు రకాలు. నీటి మీద తేలేది డ్రై ఫ్లై, మునిగేది వెట్ ఫ్లై. ట్రౌట్ తన తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే తింటుంది కాబట్టి నాకు వెట్ ఫ్లై మీదే మనసు పోయింది. పైగా పాత వెట్ ఫ్లైలు చూడ్డానికి ఎంతో సాదా. నారింజరంగు పట్టుదారం ఒళ్లు, ముందు కౌజుపిట్ట ఈక రెండు చుట్లు. అంతే. దాన్ని పార్ట్‌రిడ్జ్ అండ్ ఆరెంజ్ అంటారు. వంకాయరంగు పట్టు, స్నైప్ పిట్ట ఈక అయితే స్నైప్ అండ్ పర్పుల్. రెండే సరుకులు. అందుకే ఆ రెండూ సరైనవి కావాలి, తప్పించుకునే దారి లేదు.

పట్టు కోసం బరంపురం వెళ్లాను. బరంపురం పట్టుచీరల సంగతి అందరికీ తెలిసిందే. అక్కడి నేతవీధుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడు. మా పిన్నికి తెలిసిన ఒక మగ్గం ఇంటికి వెళ్లి, పడుగు నేత అయిపోయాక చివర మిగిలే పోగులు కావాలని అడిగాను. ఆ ఇంటి పెద్దాయన నమ్మలేదు. “మూరెడు కొసలతో ఏటి చేస్తావు బాబూ?” అన్నారు. గాలం చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. తర్వాత లోపలికి వెళ్లి నిమ్మపండు రంగు, నారింజ, వంకాయ, మిడతపచ్చ పోగులు చిన్న చిన్న చుట్టలుగా చుట్టి తెచ్చారు. డబ్బు తీసుకోలేదు. “మెలి విప్పి ఒంటిపోగు తియ్యి, లేకపోతే లావైపోద్ది” అని ఆయనే చెప్పారు. అక్షరాలా నిజం. చీరకి వాడే పేటదారం అలాగే చుడితే ఒళ్లు బొద్దుగా వస్తుంది. ఒంటిపోగు తీస్తే సన్నగా, గాలం కాడని అంటిపెట్టుకుని కూర్చుంటుంది.

పట్టు ఎందుకు, నైలాన్ ఎందుకు కాదు అంటే, దాన్ని ఒకసారి గ్లాసు నీళ్లలో పడేసి చూడాలి. పొడిగా ఉన్నప్పుడు నారింజరంగు దారం గట్టిగా మెరుస్తుంది. తడిసిన క్షణంలో రంగు ముదిరి, కింద ఉన్న గాలం కాడ లీలగా కనిపిస్తుంది. నీటిపురుగు ఒళ్లు కూడా అలాగే వెలుతురుని కొంత లోపలికి రానిస్తుంది. నైలాన్ దారం తడిసినా పొడిగానే కనబడుతుంది. ఈ ఒక్క తేడా కోసం నేను బరంపురం బస్సు మళ్లీ మళ్లీ ఎక్కాను.

పట్టు తర్వాత మైనం. ఊరికే చుడితే పట్టు జారిపోతుంది, పైగా నీళ్లలో త్వరగా పాడవుతుంది. అందుకని దారాన్ని మైనంలోంచి లాగాలి. మా సంతలో ఒడియా, తెలుగు, సవర మూడు భాషలూ వినిపిస్తాయి. కొండల మీది నుంచి సవరవాళ్లు తేనె, తేనెమైనం, గుగ్గిలం దించుతారు. వట్టి తేనెమైనం నున్నగా ఉంటుంది, దారాన్ని పట్టి ఉంచే జిగురు ఉండదు. గుగ్గిలం పొడి చేసి, చిన్న మంట మీద మైనంతో కలిపి కరిగించి, చల్లనీళ్లలో పోసి ఉండలు చేశాను. గుగ్గిలం ఎక్కువైతే ఉండ పెళుసుగా విరిగిపోతుంది, తక్కువైతే పట్టదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే కొద్దిగా మెత్తబడి వేలికి అంటుకుంటే సరిగ్గా కుదిరినట్టు. గుగ్గిలం కొంచెం ముదురుగా కాగి గోధుమరంగుకి వచ్చాక కలిపిన ఉండే నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది. నిమ్మపండు రంగు పోగుని దానిలోంచి లాగాను. పసుపు పోయి, ఎండిన ఉసిరికాయలాంటి మసక ఆకుపచ్చ వచ్చింది.

ఆ రంగు మార్పు నాకు అమితమైన సంతోషం కలిగించింది. ఎందుకంటే 1854లో ట్వీడ్ నది దగ్గర పుట్టిన గ్రీన్‌వెల్స్ గ్లోరీ అనే ఫ్లైకి ప్రాణం ఆ రంగే. డరమ్‌కి చెందిన మతగురువు విలియమ్ గ్రీన్‌వెల్ నది మీద కనిపించిన ఒక పురుగుని చూపించి అలాంటిది కట్టమంటే, స్ప్రౌస్టన్ ఊళ్లో జేమ్స్ రైట్ కట్టి ఇచ్చాడు. పసుపు పట్టుని చెప్పులు కుట్టేవాళ్ల మైనంతో మసకబార్చడమే అందులో కీలకం. దానికి రెక్కలు కూడా ఉంటాయి. నేను రెక్కలు లేకుండా, ఈక ఒక్కటే చుట్టి కడతాను. అలా కట్టినా చక్కగా పనిచేస్తుంది. దాని ఒంటి మీద సన్నటి బంగారు తీగ చుట్టాలి. దానికి అమ్మ తన పాత చీర కొంగులోంచి జరీ తీసి ఇచ్చింది. జరీ అంటే పోగు చుట్టూ చుట్టిన చదునైన సన్నరేకు. గోరుతో కొస పట్టుకుని నెమ్మదిగా విప్పితే రేకు సుడులు తిరుగుతూ విడివడుతుంది. రెండు వేళ్ల మధ్య సాఫీగా లాగి వాడుకోవాలి. పాత చీరల జరీయే మంచిది, ప్లాస్టిక్ జరీ నీళ్లలో వెలిసిపోతుంది.

ఇక ఈకలు. ఇక్కడ చట్టం సంగతి ముందు చెప్పాలి. కౌజుపిట్ట, అడవికోడి, స్నైప్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవే. వాటి ఈకల జోలికి పోకూడదు, ఎవరైనా తెచ్చి ఇస్తానన్నా తీసుకోకూడదు. నెమలి విషయంలో మాత్రం, దానంతట అది రాల్చిన పింఛం ఈకలు దేశం లోపల ఉంచుకోవచ్చు, ఎగుమతి కుదరదు. గంజాంలో ఆస్కా దగ్గర పాకిడి కొండల్లో ఊరివాళ్లే నెమళ్లని కంటికి రెప్పలా కాపాడుతుంటారు. మా చుట్టాల ఊళ్లో కూడా చేలగట్ల మీద రాలిన పింఛాలు పిల్లలు ఏరి ఇంట్లో పెడతారు. నాకు అవి చాలు. ఒక్క పింఛంతో లెక్కలేనన్ని ఫ్లైలు కట్టొచ్చు.

కౌజుపిట్ట ఈకకి బదులు నాటుకోడి పెట్ట వీపు మీది మచ్చల ఈక సరిపోయింది. అది గోధుమరంగు మీద చిన్న చిన్న నల్లచుక్కలతో మెత్తగా ఉంటుంది. ఇక్కడ పుంజుకీ పెట్టకీ తేడా ముఖ్యం. పుంజు మెడ ఈక నిగనిగలాడుతూ గట్టిగా ఉంటుంది, నీటి మీద ఫ్లైని నిలబెడుతుంది. అది డ్రై ఫ్లైకి. పెట్ట ఈక నీళ్లు పీల్చుకుని ఒంటికి అంటుకుంటూ, ప్రవాహం కదిలినప్పుడల్లా మళ్లీ విచ్చుకుంటుంది. పురుగు కాళ్లు ఆడినట్టు కనిపించేది దానివల్లే. మనవైపు పుంజుల రంగుల పేర్లు అందరికీ నోట్లోనే ఉంటాయి కదా, కాకి, డేగ, సేతు, పర్ల, కాకిడేగ అని. నాకు కావలసింది కాకిడేగ రంగు. ఈక మధ్యలో నల్లచార, పక్కన ఇటుక ఎరుపు, అంచున మళ్లీ నలుపు. పుంజుది కాదు, అదే రంగు పెట్టది. నాటుకోళ్లు పెంచే ఒకావిడ దగ్గరికి వెళ్లి ఆ రంగు పెట్ట కోసేటప్పుడు మెడ తోలు ఈకలతో సహా నాకు ఉంచమన్నాను. “కూర వద్దా బాబూ, ఈకలే కావాలా?” అని అడిగి, తర్వాత ఆవిడే రంగులవారీగా కవర్లలో దాచి ఇవ్వడం మొదలుపెట్టింది. తోలుని ఉప్పు రాసి నీడలో ఆరబెట్టాలి.

ఆ కాకిడేగ ఈక పెంకుపురుగు ఫ్లైకి. వేల్స్ నుంచి వచ్చిన కోచ్-ఇ-బాంధూ అనే ఫ్లై ఇది. అక్కడ జూన్‌లో పచ్చికల మీద గుంపులుగా లేచే ఒక చిన్న పెంకుపురుగు ఉంది. ఎర్రటి గోధుమరంగు రెక్కల పెంకు, మెరిసే ముదురాకుపచ్చ తల. గాలికి కొట్టుకొచ్చి నీళ్లలో పడితే ట్రౌట్ తెగ తింటుంది. మనకి ఆ పురుగు లేకపోయినా దాని కుటుంబం ఉంది. తొలకరి వాన పడగానే సాయంత్రం వేపచెట్ల మీద వాలి ఆకులు తినేసే గోధుమరంగు పెంకుపురుగులు అవే. వీధిదీపం కింద రాలినవాటిలో ఒకదాన్ని బకెట్టు నీళ్లలో వేసి గమనించాను. కాసేపు పెంకు కింది గాలితో తేలింది. తర్వాత ఒళ్లు సగం మునిగి, కాళ్లు నెమ్మదిగా ఆడిస్తూ పైపొరకి కాస్త కింద వేలాడింది. కట్టాల్సింది సరిగ్గా ఆ స్థితినే. పై నుంచి చూస్తే నల్లటి గుండ్రటి ఒళ్లు, చుట్టూ ఎర్రటి కాళ్లు. దాని మెరుపు మాత్రం, వెలుగు పడినప్పుడే కనిపిస్తుంది. నెమలి పీచుకి ఉన్న గుణమూ అదే.

కట్టే తీరు ఇది. సైజు 12 లేదా 14 గాలం తీసుకోవాలి, అంకె పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుంది. దాని ఎదురుముల్లుని ముందే పట్టకారుతో నొక్కేస్తాను, చేపని మళ్లీ వదిలేటప్పుడు గాయం తక్కువ అవుతుంది. కంసాలులు వాడే చిన్న చేతి వైస్‌ని బల్ల అంచుకి బిగించి అందులో గాలం వంపు పట్టిస్తాను. మైనం పట్టిన దారం గాలం కన్ను (తాడు కట్టే రంధ్రం) వెనక కొంచెం ఖాళీ వదిలి మొదలుపెట్టి వంపు దాకా తీసుకెళ్లాలి. అక్కడ జరీ రేకు రెండు చుట్లు, తోకలాగా. తర్వాత పింఛం కన్నుకి కింద పెరిగే పొడవాటి పీచులు మూడు తీసుకుని, పెళుసైన కొసలు కత్తిరించేసి కట్టాలి. ఈ పీచు కొత్తదైతే పచ్చగా ఉంటుంది. కిటికీలో ఎండ తగిలేచోట కొన్నాళ్లు ఉంచితే కంచురంగుకి తిరుగుతుంది. పెంకుపురుగుకి ఆ కంచురంగే బాగుంటుంది.

ఇప్పుడు అసలు మెలకువ. పీచుని ఒంటరిగా చుట్టకూడదు. మూడు పీచుల్నీ పట్టుదారంతో కలిపి మెలి పెట్టి, తాడులాగా చేసి చుట్టాలి. ట్రౌట్‌కి పళ్లు చిన్నవే గానీ పదునైనవి. ఒంటరి పీచు ఒక్క కొరుకుతో తెగి ఫ్లై అంతా విడిపోతుంది. బావగారు కొన్నవి రెండు చేపలకే పోవడానికి కారణం ఇదే. వెనక సన్నగా మొదలై భుజం దగ్గర లావుగా ఒళ్లు తెచ్చాక కాకిడేగ ఈకని మొదలు వైపు నుంచి కట్టి రెండే చుట్లు. మూడో చుట్టు వెయ్యాలని చెయ్యి లాగుతుంది, ఈక ఇంకా మిగిలి ఉంటుంది, పారెయ్యాలంటే ప్రాణం ఒప్పదు. పారెయ్యాల్సిందే. మూడో చుట్టుతో కాళ్లు గుబురైపోయి నీళ్లలో ఆడవు, ఫ్లై మునగదు. తడివేళ్లతో ఈకని వెనక్కి దువ్వి, చిన్న తల కట్టి ముడివేసి, రంగులేని నెయిల్ పాలిష్ చుక్క అద్దితే అయిపోయింది. చుక్క అద్దడానికి, చిక్కుపడ్డ ఈకపోగులు విడదీయడానికి ఒక సూది కావాలి. మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు. గేదెకొమ్ముతో కొంగలు, రొయ్యలు చెక్కే ఒకాయన నా సూదికి కొమ్ము పిడి చేసి ఇచ్చారు. రాత్రి ఎంతసేపు పనిచేసినా వేళ్లు నొప్పెట్టవు.

ఇంకో పెంకుపురుగు ఎరిక్స్ బీటిల్. లోపల పసుపు ఉన్ని చుట్టి, దాని మీద నెమలి పీచు రెండు పొరలు చుట్టి, వెనక ఉన్ని కొస కొంచెం బయటికి కనిపించేట్టు వదలాలి. ముందు నల్ల పెట్ట ఈక రెండు చుట్లు. ఇది లావుగా ఉండాలి. దీని కట్టడం త్వరగానే పట్టుబడుతుంది.

కట్టినవి ముందు మహేంద్రతనయలోనే వేసి చూశాను. సన్నటి వెదురుకర్రకి దారం కట్టి, బండల పక్కన నీళ్లు తిరిగేచోట పార్ట్‌రిడ్జ్ అండ్ ఆరెంజ్ వదిలితే పరిగెలు వచ్చి పొడిచాయి, కొన్ని పడ్డాయి కూడా. చేప కోసం కాదు, నీళ్లలో ఈక ఎలా కదులుతోందో చూడ్డానికి. మోకాలి లోతులో నిలబడి అలా చూస్తూ ఉండిపోవచ్చు. ఏ పెట్ట ఈక మంచిదో, ఎన్ని చుట్లు చాలో అక్కడే నిశ్చయంగా తెలిసింది.

వేసవి సెలవుల్లో బావగారి దగ్గరికి వెళ్లాను. తీర్థన్ నది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు కొండల్లో పుట్టి, లార్జీ దగ్గర బియాస్ నదిలో కలుస్తుంది. అక్కడి ట్రౌట్ కూడా బ్రిటిష్‌వాళ్లు తెచ్చిందే. కాశ్మీర్‌కి 1900లో, కులూ వైపు 1909లో తెచ్చి పెంచారు. ఫ్లైలు పుట్టిన దేశం నుంచే చేపా వచ్చింది కాబట్టి నా డబ్బా మీద నాకు నమ్మకం ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లు పెట్టే కాలం, పట్టడం నిషేధం. మిగతా నెలల్లో రాష్ట్ర మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి. తీసుకున్నాం.

గుషైని దగ్గర తెల్లవారాక దిగాం. ఆ చలికి మోకాళ్ల కింద స్పర్శ పోయింది. మంచు కరిగే రోజులు కాబట్టి పొద్దున నీళ్లు తేటగా ఉండి, మధ్యాహ్నానికి పెరిగి బూడిదరంగు తిరుగుతాయి. పొద్దుటి తేటనీళ్లలో పార్ట్‌రిడ్జ్ అండ్ ఆరెంజ్ వేశాను. ప్రవాహానికి అడ్డంగా విసిరి, అది కొట్టుకుపోయి కింద తాడు బిగిసి పైకి లేచేవేళ దాకా వదిలెయ్యాలి. ఆ లేచే క్షణంలోనే లాగింది. మొదటి బ్రౌన్ ట్రౌట్ జానెడు మించి ఉంటుంది. పసిమి రంగు పొట్ట, పక్కల్లో నల్లచుక్కలు, వాటి మధ్య ఎర్రచుక్కలు, ఒక్కో ఎర్రచుక్క చుట్టూ తెల్లటి వలయం. దాన్ని నీళ్లలోనే ఉంచి గాలం తీసి వదిలేశాను. కోడి ఈక, బరంపురం పట్టు, మా సంత మైనం దాని పెదవి మీద చూసినప్పటి సంతోషం ఎంతని చెప్పను!

మధ్యాహ్నం నీళ్లు మసకబారాక అవి పనిచేయలేదు. అప్పుడు మాతో వచ్చిన అక్కడి గైడు ఒడ్డు వెంట కొమ్మలు వాలిన చోట చూపించాడు. అక్కడ పురుగులు రాలుతుంటాయట. కోచ్-ఇ-బాంధూ వేస్తే నీళ్లు బుడుంగుమని ఒక రెయిన్‌బో ట్రౌట్ పట్టింది, కొంతసేపు ఆడి విడిపించుకుపోయింది. తర్వాత వచ్చినవి నిలిచాయి. మెలిపెట్టి చుట్టిన పీచు అన్నిటికీ తట్టుకుంది, జరీ తోక మాత్రం ఊడింది.

గైడు నా డబ్బా చేతిలోకి తీసుకుని ఒక్కో ఫ్లైనీ వెలుతురుకి ఎత్తి చూశాడు. దుకాణాల్లో దొరికేవి గుబురుగా ఉంటాయని, ఇలా పల్చగా కట్టినవే ఈ నీళ్లకి కావాలని హిందీలో అన్నాడు. కొన్ని అతనికే ఇచ్చేశాను. వచ్చే సీజనుకి ఇంకా చిన్న సైజులో పెంకుపురుగులు కావాలని బావగారితో కబురు పెట్టాడు.

ఇప్పుడు సైజు 16 గాలాల మీద కడుతున్నాను. అంత చిన్న కాడ మీద మూడు పీచులు ఎక్కువవుతాయి, రెండే సరిపోతాయి. ఊడిన తోక సంగతి కూడా తేలింది. జరీ రేకుని కట్టే ముందు కింద మైనపు దారం ఒక పొర ఎక్కువ వేసి, రేకు కొసని ఒంటి కిందికి మడిచి కట్టేస్తే కదలడం లేదు. మా దగ్గర వానాకాలం ఈకలకి బూజు, పురుగు పట్టే కాలం కాబట్టి తోళ్లన్నీ ఎండుమిరపకాయలు, వేపాకులతో గట్టి మూత డబ్బాల్లో పెట్టాను. పట్టుచుట్టలు వెలుతురు తగలకుండా రేకు పెట్టెలో ఉన్నాయి, ఎండకి పట్టు బలం పోతుంది. బరంపురం పెద్దాయన ఈసారి ముదురు ఎరుపు పోగులు ఉంచుతానన్నారు. దసరా సెలవుల్లో వెళ్లి తెచ్చుకోవాలి.